ఆఫీసు బల్ల మీద వైర్‌లెస్ స్పీకర్: ఎంపిక

లాప్‌టాప్ నుంచో ఫోన్ నుంచో తీగ లేకుండా రేడియో తరంగాలతో శబ్దాన్ని అందుకుని, పనిచేసే మనిషికి మూరెడు, మూరన్నర దూరంలో కూర్చుని వినిపించే చిన్న స్పీకర్‌ను ఆఫీసు బల్ల స్పీకర్ అనవచ్చు. వీటిలో ఎక్కువ భాగం బ్లూటూత్ రకం, కొన్ని వైఫై రకం. పిక్నిక్‌కు చంకన పెట్టుకుపోయే స్పీకరూ, టీవీ కింద పెట్టే సౌండ్‌బారూ ఇదే జాతివి. కానీ వాటిని ఎంచే కొలతలు బల్ల దగ్గర పనికిరావు. అక్కడ గది నిండాలి, ఇక్కడ ఒక్క మనిషి చెవి చాలు. పక్కవాళ్ళకు వినపడకపోవడం కూడా ఇక్కడ ఒక గుణమే.

వర్తూరు బల్లలు

ఈ ఎంపికకు ఉదాహరణగా వర్తూరును తీసుకుందాం. అది బెంగళూరు తూర్పు అంచున, వైట్‌ఫీల్డ్‌కు దక్షిణాన ఉంది. ఒక వైపు వైట్‌ఫీల్డ్ టెక్ పార్కు ఐటీపీఎల్, మరో వైపు మారతహళ్ళి ఔటర్ రింగ్ రోడ్డు మీది కంపెనీలు ఉండడంతో వర్తూరు, గుంజూరు, బలగెరె, పణత్తూరుల్లో అపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి ఆనుకుని లేచాయి. వాటిలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది. వీళ్ళు రాకముందు కూడా ఈ నేలకు తెలుగు కొత్త కాదు, హొసకోటె, కోలారు వైపు ఊళ్ళలో అది ఎప్పటినుంచో ఉన్న భాషే.

2020 లాక్‌డౌన్ నుంచి ఇక్కడ ‘ఆఫీసు బల్ల’ అన్న మాటకు రెండు అర్థాలు. ఒకటి కంపెనీలో గోడలు లేని హాల్లో వరుసలో ఉండే బల్ల. రెండోది పడకగదిలో కిటికీ పక్కన, బీరువాకూ మంచానికీ మధ్య ఇరికించిన బల్ల. మొదటిదానికి స్పీకర్ కొనకపోవడమే మంచిది, అక్కడ ఇయర్‌ఫోన్లు చాలు. కంపెనీలో సొంత క్యాబిన్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఈ వ్యాసం ప్రధానంగా రెండో బల్ల గురించి.

ఎన్ని వాట్లు కావాలి

డబ్బా మీద మొదట కనిపించేది వాట్ల అంకె, బల్లకు అన్నిటికన్నా తక్కువ అవసరమైనదీ అదే. చిన్న స్పీకర్‌కు 1 వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 80 డెసిబెళ్ళ శబ్దం వస్తుందనుకుందాం. శక్తి పదో వంతుకు తగ్గితే శబ్దం 10 డెసిబెళ్ళు తగ్గుతుంది. మనుషులు మామూలుగా మాట్లాడుకునే స్థాయి 60 డెసిబెళ్ళ దగ్గర ఉంటుంది. అంటే దానికి వాటులో వందో వంతు చాలు. పైగా దూరం సగమైతే 6 డెసిబెళ్ళు పెరుగుతుంది కాబట్టి అర మీటరులో ఇంకా తక్కువే సరిపోతుంది. పాటల్లో దరువు పడ్డప్పుడు శబ్దం ఒక్కసారిగా పైకి లేస్తుంది, దానికోసం కొంత మిగులు ఉండాలి. 5 వాట్ల స్పీకర్‌లో ఆ మిగులు ధారాళంగా ఉంటుంది. 30 వాట్లది కొంటే అధికంగా వచ్చేది బరువు, ధర.

ఆ అంకె కూడా ఆర్ఎంఎస్ లెక్కలో, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తిగా ఉంటేనే నమ్మాలి. 1990ల్లో టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేల వాట్లు అచ్చు వేసేవాళ్ళు. గోడకున్న మామూలు ప్లగ్గు నుంచి అన్ని వాట్లు ఎలా వస్తాయని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఫ్రీక్వెన్సీ అంకెలదీ ఇదే కథ. ‘60 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్’ అని రాసి, ఎన్ని డెసిబెళ్ళ తేడాలోపల అన్నది రాయకపోతే దానికి అర్థం లేదు. 60 దగ్గర ఏదో మూలిగినా వాళ్ళ లెక్కలో అది ఉన్నట్టే.

బేస్ తక్కువైతే ఏమవుతుంది

అరచేతిలో పట్టే డబ్బా నుంచి లోతైన బేస్ రావడం కష్టం. లోతైన శబ్దానికి ఎక్కువ గాలి కదలాలి, స్పీకర్‌లో ఊగి శబ్దం పుట్టించే చిన్న కోన్ అంత గాలిని నెట్టలేదు. అందుకే తయారీదారులు పాసివ్ రేడియేటర్ పెడతారు. మోటారు లేని ఈ పొర, లోపలి గాలి ఒత్తిడికి తనే ఊగుతుంది. అది పక్కలకు ఉంటే ఫర్వాలేదు. కిందికి ఉంటే మాత్రం పలుచటి ప్లైవుడ్ బల్ల కూడా దానితో పాటు అదురుతుంది. పెన్నుల డబ్బా, స్టీలు గ్లాసు, సొరుగు తాళం తలో శ్రుతి అందుకుంటాయి. స్పీకర్ కింద పాత మౌస్‌ప్యాడ్ ఒకటి వేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. గోడ మూలకు నెట్టి పెడితే బేస్ ఉబ్బుతుంది, జానెడు ముందుకు లాగితే మాట తేటపడుతుంది. స్పీకర్ మొహం బల్లకు కాక చెవికి ఎదురుగా ఉండేట్టు కాస్త పైకి వంచాలి. ఖర్చు లేని ఈ మూడు పనుల వల్ల వచ్చే తేడా చాలాసార్లు వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టినా రాదు.

అపార్ట్‌మెంటులో తక్కువ బేస్ లోపం కాదు. గోడ దాటి పక్క ఫ్లాటుకు పోయేది లోతైన శబ్దమే, సన్నటి శబ్దాన్ని గోడ ఆపేస్తుంది. అమెరికా వాళ్ళతో రాత్రి 9 తర్వాత మీటింగులుండే ఇళ్ళు వర్తూరులో తక్కువేమీ కావు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిసరాల శబ్దానికి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్ళు పరిమితి.

బేస్ తర్వాత తేల్చుకోవాల్సింది ఒక స్పీకరా, జతా అన్నది. అది వినేదాన్ని బట్టి ఉంటుంది. ఘంటసాల కాలపు సినిమా పాటలు మోనోలో రికార్డయినవి, వాటికి ఒక్క స్పీకర్ చాలు, రెండు పెట్టినా కొత్తగా వచ్చేదేమీ లేదు. తర్వాతి కాలపు స్టీరియో పాటల్లో వాయిద్యాలు ఎడమా కుడీ విడిపోయి వినపడాలంటే మానిటరుకు అటొకటి ఇటొకటి ఉండాలి. జానెడు పొడవు డబ్బాలో రెండు కోన్లు పెట్టి ‘స్టీరియో’ అని రాసినంత మాత్రాన విడిపోదు.

మైక్: అసలు తిరకాసు ఇక్కడే

‘పాటలకు బ్రహ్మాండంగా ఉంది, మీటింగ్ మొదలుకాగానే డొక్కు రేడియోలా అయిపోయింది’ అన్న ఫిర్యాదు బ్లూటూత్ స్పీకర్ కొన్న చాలామంది నోట వినిపిస్తుంది. స్పీకర్ చెడిపోలేదు. బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, ఫోన్ మాటలకు మరో దారి ఉన్నాయి. ఏ2డీపీ అనే మొదటి దారి స్టీరియోను ఒకే దిక్కుకు మోస్తుంది. హెచ్‌ఎఫ్‌పీ అనే రెండోది రాకపోకలు రెండూ మోయాలి కాబట్టి శబ్దాన్ని బాగా కుదిస్తుంది. మీటింగ్ యాప్ స్పీకర్‌లోని మైక్‌ను తెరిచిన మరుక్షణం లాప్‌టాప్ రెండో దారికి మారుతుంది. పాత పద్ధతిలో ఈ దారి సెకనుకు 8,000 నమూనాలే తీసుకుంటుంది, అంటే 4,000 హెర్ట్జ్‌కు పైనున్నదంతా పోతుంది. కొత్త పద్ధతిలో నమూనాలు 16,000.

తెలుగు చెవికి ఈ తేడా సులువుగా దొరుకుతుంది. ‘స’ పలికినప్పుడు వచ్చే బుసలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. ‘సస్యం, శస్త్రం, షష్ఠి’ అని అవతలి మనిషిని చదవమంటే, పాత పద్ధతిలో మూడు రకాల సకారాలూ ఒకే ముద్దగా వినపడతాయి, ఒక్కోసారి ‘స’కూ ‘ఫ’కూ కూడా తేడా తెలియదు. కొత్త పద్ధతిలో విడివిడిగా వినపడతాయి.

దీనికి డబ్బు ఖర్చు కాని విరుగుడు ఉంది. మీటింగ్ యాప్ సెట్టింగుల్లో శబ్దం వినపడడానికి బ్లూటూత్ స్పీకర్‌నూ, మైక్‌గా లాప్‌టాప్ సొంత మైక్‌నూ ఎంచుకోవాలి. అప్పుడు ఏ2డీపీ దారి మారదు. కాకపోతే స్పీకర్‌లో వచ్చిన మాట మళ్ళీ లాప్‌టాప్ మైక్‌లోకి పోకుండా యాప్‌లోని ప్రతిధ్వని నివారణ పనిచేయాలి. బ్లూటూత్ శబ్దం ఆలస్యంగా రావడం వల్ల అది అప్పుడప్పుడు తడబడుతుంది. రోజుకు నాలుగైదు గంటలు మీటింగుల్లోనే గడిచేవాళ్ళు పాటల స్పీకర్ జోలికి పోకుండా, మీటింగుల కోసమే చేసిన స్పీకర్‌ఫోన్ కొనుక్కోవాలి. డెన్మార్క్ కంపెనీ జాబ్రా ‘స్పీక్’ వరుస ఈ రకానిదే. గుండ్రటి బిళ్ళలా బల్ల మీద పడుకుని ఉంటుంది, ప్రతిధ్వనిని తనలోనే తీసేస్తుంది, కొన్ని మోడళ్ళలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా మాట తెగదు. పాటలకు మాత్రం అంతంతమాత్రం.

ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి నిర్దేశాలు 2022లో పూర్తయ్యాయి. ఇందులో ఎల్‌సీ3 అనే కుదింపు వల్ల మైక్ తెరిచినా నాణ్యత అంతగా పడిపోదు. అయితే స్పీకర్, లాప్‌టాప్ రెండింటికీ అది ఉండాలి.

గాలిలో రద్దీ

బ్లూటూత్ 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సెన్ దాని రూపకర్తల్లో ముఖ్యుడు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి సంఘం పెట్టాయి. పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌ది, నీలిపన్ను ఆయన మారుపేరు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 79 ఛానళ్ళ మీద సెకనుకు 1,600 సార్లు గెంతుతూ పోతుంది. మన దేశంలో 2005 నియమాలతో ఆ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ ఉండేదీ అక్కడే.

వర్తూరు అపార్ట్‌మెంటులో ఫోన్ తెరిచి వైఫై జాబితా చూస్తే పై అంతస్తు, కింది అంతస్తు, ఎదురింటి పేర్లు స్క్రీన్ దాటి పోతాయి. ఆ రద్దీని తప్పించుకుని ఖాళీ ఛానళ్ళను వెతుక్కునే తెలివి బ్లూటూత్‌కు 2003 నుంచీ ఉంది. అయినా పాట తెగుతుంటే ఇంటి వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడాలి. ఇంకో దొంగ బల్ల మీదే ఉంటాడు. యూఎస్‌బీ 3.0 తీగలు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే వివరించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌నో డాకింగ్ స్టేషన్‌నో బ్లూటూత్ డాంగిల్ పక్క నుంచి జానెడు జరిపితే సమస్య పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

వైఫై స్పీకర్లకు నాణ్యత ఎక్కువ, దూరం ఎక్కువ. కానీ బల్లకు వాటితో పేచీలున్నాయి. ఉద్యోగి పేరూ పాస్‌వర్డూ అడిగే కంపెనీ వైఫైలో అవి చాలావరకు చేరవు. ఎప్పుడూ వింటూ ఉండే మైక్ ఉన్న స్మార్ట్ స్పీకర్‌ను మీటింగులు జరిగే గదిలో పెట్టవచ్చో లేదో కంపెనీనే అడగాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ఇంటి రౌటరు ఒకసారి ఆరి వెలుగుతుంది, వైఫై స్పీకర్ మూగబోతుంది. బ్యాటరీ ఉన్న బ్లూటూత్ స్పీకర్‌కు ఆ సంగతే తెలియదు.

రంధ్రాలు, బ్యాటరీ

కొన్ని కంపెనీ లాప్‌టాప్‌లలో భద్రత పేరుతో బ్లూటూత్ మూసేసి ఉంటుంది. కొన్నాక తెలుసుకోవడం కన్నా ముందే ఐటీ వాళ్ళను అడగడం మేలు. ఆ భయం ఉన్నవాళ్ళు 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ రంధ్రం ఉన్నదో, యూఎస్‌బీ తీగతో శబ్దం అందుకునేదో చూసుకోవాలి. ఆక్స్ రోజురోజుకూ మాయమవుతోంది. జేబీఎల్ ఫ్లిప్ 4లో ఉన్నది 2019లో వచ్చిన ఫ్లిప్ 5లో లేదు. యూఎస్‌బీ టైప్-సీ రంధ్రం ఉన్నా అది చార్జింగుకేనా, శబ్దానికి కూడానా అన్నది విడిగా కనుక్కోవాలి.

లాప్‌టాప్‌కూ ఫోన్‌కూ ఒకేసారి కలిసే మల్టీపాయింట్ సౌకర్యం ఉంటే హాయి. ఇబ్బందీ అక్కడే ఉంది. మేనేజరు మాట్లాడుతుండగా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఆ మోత కూడా స్పీకర్‌లోంచే వస్తుంది.

లిథియం అయాన్ బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతం దగ్గర, వేడిగా ఉంటే త్వరగా పాడవుతుంది. బల్ల స్పీకర్‌కు చార్జరు రోజంతా తగిలించి ఉంచడం మామూలు. బల్ల దాటి కదలని స్పీకర్‌కు అసలు బ్యాటరీ ఎందుకు? యూఎస్‌బీ నుంచో ప్లగ్గు నుంచో పవర్ తీసుకునే, బ్లూటూత్ ఉన్న జంట స్పీకర్లే ఇంట్లో పనిచేసేవాళ్ళకు సరైన ఎంపిక. వారానికి రెండు రోజులు సంచిలో వేసుకుని వైట్‌ఫీల్డ్ వెళ్ళేవాళ్ళకే బ్యాటరీ స్పీకర్. ఐపీ67 ముద్ర అంటే దుమ్ము చొరదని, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళతో. చక్కెర, పాలు కలిసిన ఫిల్టర్ కాఫీకి ఆ హామీ లేదు.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

బ్లూటూత్ స్పీకర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, దానితో ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. నగరం నడిబొడ్డున ఎస్.పి. రోడ్డులో చవగ్గా దొరికే స్పీకర్ల మీద ముందు వెతకాల్సింది ఈ సంఖ్యే. దుకాణంలో వాళ్ళు వినిపించే పాట వినకండి, అది వాళ్ళ స్పీకర్‌కు నప్పేదే ఉంటుంది. మీ లాప్‌టాప్ తీసుకెళ్ళి కలపండి. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి సగం శబ్దంలో, మూరెడు దూరం నుంచి వినండి. తర్వాత ఇంట్లోవాళ్ళకు ఆ స్పీకర్ మైక్‌తో ఒక కాల్ చేయండి.

రెండు మూడేళ్ళకు బ్యాటరీ ఉబ్బి డబ్బా అతుకు విడినట్టు కనిపిస్తే చార్జింగు ఆపేయాలి. ఆ స్పీకర్‌ను తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అది అధీకృత రీసైక్లర్ దగ్గరికి చేరాలి.