బిడ్డ శరీరము ఎవరిది?

మన బుచ్చిరెడ్డిపాలెంలో ముస్లిం కుటుంబాలు మన పొరుగువారే. వారు సున్తీ అనేదాన్నే మన బైబిలు సున్నతి అంటుంది. దానిని ఎగతాళి చేయకండి. మన ప్రభువుకును ఎనిమిదవ దినమున సున్నతి జరిగిందని లూకా వ్రాశాడు గదా!

సుమారు క్రీ.శ. 49లో అపొస్తలులు యెరూషలేములో కూడి, అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులపై ఆ భారము మోపకూడదని తీర్మానించారు. 1840లో నెల్లూరుకు వచ్చిన శామ్యూల్ డే బాప్టిస్టు మిషనరీ. బాప్తిస్మము విషయములో వారి బోధ ఏమిటి? బిడ్డ ఎదిగి, తానే నమ్మి ఒప్పుకోవాలి.

బిడ్డ ఒప్పుకోలు అనే ఈ ప్రశ్నే 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టుకు వచ్చింది. నాలుగేళ్ల ముస్లిం బాలునికి వైద్యుడు సున్నతి చేశాడు, తరువాత రక్తస్రావమైంది. కోర్టు వైద్యుణ్ణి విడిచిపెట్టింది గాని, తల్లిదండ్రుల సమ్మతి మాత్రమే చాలదన్నది. యూదులు, ముస్లింలు కలవరపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో, వైద్య నియమాల ప్రకారం చేస్తే తప్పు లేదని అక్కడి పార్లమెంటు చట్టం చేసింది.

ప్రియులారా, బిడ్డలు తల్లిదండ్రులకు దేవుడు అప్పగించిన స్వాస్థ్యము. కనుక బిడ్డ తరఫున కోర్టు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అయితే ప్రభుత్వాసుపత్రి తలుపు మూసుకుంటే ఏమవుతుంది? కలిగినవాడు ప్రైవేటు ఆసుపత్రికి పోతాడు. పేదవాని బిడ్డ మత్తుమందు లేకుండా, శుభ్రము లేని కత్తి క్రిందికి పోతాడు. అందుచేత తలుపు తెరిచే ఉండాలి. లోపల వైద్యుడు లాభనష్టాలు దాచక చెప్పాలి, తొందరలేదని కూడా చెప్పాలి.

మంచి సమరయుడు గాయపడినవాని మతము అడుగలేదు. పొరుగువాని బిడ్డ క్షేమము మన ప్రార్థనలో ఉన్నదా? ఆలోచించండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.