ఇంటి కుండయు ఆబ్కారియు



ఒకనాడు జహీరాబాదు సంతలో జొన్నల బస్తాల నడుమ నిలిచియున్న నన్ను ఒక యువకుడు పలుకరించి, "పంతులుగారూ, సీమలో జనులు ఇండ్లలోనే బీరు చేసికొందురట గదా! మన జొన్నలతో నేనును మొదలుపెట్టవలెనన్న ఎట్లండీ?" అని యడిగెను. "ముందు మీ అవ్వగారి అంబలికుండ నడుగు నాయనా" అంటిని. నేను పరిహాసమాడితి ననుకొని యతడు వెడలిపోయెను. ఆనాడు చెప్పజాలని సమాధానమును నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఈ విద్యలోని రహస్యము స్వల్పమే. గింజలో పిండి యున్నది. కాని పానమును పులియబెట్టు సూక్ష్మజీవి, అనగా ఈస్టు, పిండిని తినలేదు. దానికి చక్కెర కావలెను. గింజను నానబెట్టి మొలకెత్తించినచో పిండిని చక్కెరగా మార్చు శక్తి ఆ గింజయందే పుట్టును. ఆ మొలకధాన్యము నెండబెట్టి, విసరి, తగిన వేడినీటిలో కొంతసేపు ఉంచిన తియ్యని నీరు దిగును. దానిని వడగట్టి, కాచి, చల్లార్చి, ఈస్టును చేర్చిన బీరగును. సీమవారు యవలతో చేసి, చేదుకొఱకు హాపుపూవులు వేయుదురు. మన ఈతకల్లునకు ఈ శ్రమ లేదు. చెట్టు కార్చు నీరాలో చక్కెర ముందే యున్నది. లొట్టిలోని ఈస్టు కొన్ని గంటలలోనే దానిని కల్లు చేయును.

ఇక అంబలి. మా అవ్వ జొన్నరవ్వ కాచి, నిన్నటి పులుపు మిగిలిన కుండలోనే పోసి, మూత పెట్టి, తెల్లవారుదాక కదల్చెడిది కాదు. ఆ పులుపు మత్తు నీయదు. అది పాలను పెరుగు చేయు జీవుల జాతివారి పని. అయినను నేర్పు ఒక్కటియే: నిన్నటి దానిలో కొంత నేటికి తోడుగా నుంచుట, పాత్రను, వేడిమిని, కాలమును ఎఱుగుట.

ఈ తోడునకు కౌటిల్యుడు కిణ్వమని పేరు పెట్టెను. శామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. అందు మేదకమను పానమునకు కొలత లిట్లున్నవి: నీరు ఒక ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. ద్రోణమునకు పదునాఱు ప్రస్థములు గనుక, పదునాఱు పాళ్ల నీటికి రెండు పాళ్ల బియ్యము, మూడు పాళ్ల కిణ్వము అన్నమాట. ఆ కిణ్వమును మినుములతోను బియ్యముతోను మూలికలు చేర్చి చేయుదురు. దానికి వలయు పనులు స్త్రీలును పిల్లలును చూడవలెనట. కౌటిల్యుడు మద్యమును రాజాధీనము చేసినవాడే. అయినను గృహస్థులు శుభకార్యములందు తెల్లని సురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని విడిచిపెట్టెను. ఉత్సవములందును యాత్రలందును నాలుగు దినముల అనుమతి నిచ్చెను. ఖజానా యొకవైపు, ఇంటి కుండ యొకవైపు. రెండింటికిని చోటు మిగిల్చెను.

ఆధునిక ప్రభుత్వము లంతటి ఔదార్యము చూపలేదు. జొన్నకు పుట్టినిల్లు ఆఫ్రికా. అచ్చట మొలకజొన్నతో బీరు చేయుట నేటికిని పెక్కుచోట్ల స్త్రీల వృత్తి. మన తెలుగు కూలీలు పెక్కుమంది చేరిన నేటాలులో 1908 నాటి శాసనము ఆ బీరు అమ్మకమును పట్టణసభల గుత్తాధిపత్యము చేయుటకు వీలిచ్చెను. డర్బనులో పురపాలక సంఘమువారి బీరుశాలలు వెలసెను. ఇంట కాచిన స్త్రీలు నేరస్థులైరి. 1959లో కేటో మేనరు స్త్రీలు ఆ శాలలపై తిరుగబడిరి.

నైజాము రాజ్యమునను దాదాపు ఆ కాలముననే ఫసలీ 1316, అనగా 1906-07 నాటి ఆబ్కారి చట్టము వచ్చెను. జహీరాబాదు అప్పుడు బీదరు జిల్లాలోనిది. 1956లో మెదకులోను, 2016లో సంగారెడ్డిలోను చేరెను. జిల్లాలు మాఱినను పద్ధతి మాఱలేదు. ఇంటి కుండ నేరమయ్యెను. గుత్తేదారుని కొట్టు న్యాయమయ్యెను. గుత్తేదారునకు ఉత్సవము ముఖ్యము కాదు, దినదినము అమ్ముడుపోవుట ముఖ్యము. అందుచే పలుచని పానము పోయి, ఘాటైన సారా ఇల్లిల్లు చేరెను.

దాని ఫలము 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లోకమునకు చాటిరి. అక్షరములు నేర్చిన వారు సారాకొట్లు మూయించిరి. 1993 అక్టోబరులో సారా నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో తొలగెను. డర్బను స్త్రీలు కుండకొఱకు పోరిరి, దూబగుంట స్త్రీలు సారాపై పోరిరి. ఇవి పరస్పర విరుద్ధములని కొందఱనవచ్చును. నాకట్లు తోచదు. ఇంటి కూలి డబ్బు కొట్టునకు పోరాదనుటయే ఇరువురి మాట.

బ్రిటనులో ఇంటి బీరునకు అనుమతిపత్రము 1963లో రద్దయ్యెను. అమెరికా 1978 నాటి శాసనముతో ఒప్పుకొనెను. మన 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము మాత్రము, పెద్ద బీరు కర్మాగారము లున్న ఈ సంగారెడ్డి జిల్లాలోనే, అనుమతి లేక ఇంట కాచుట నేరము.

కావున ఆ యువకునకు నా సమాధానమిది. చట్టము నతిక్రమింపకుము. మొలకజొన్నతో తెలియక ఆటలాడకుము. నాము మేసిన పశువును చంపు విషమే జొన్నమొలకలోను పుట్టును. అంబలితో మొదలుపెట్టుము. 1983లో ప్రారంభమైన పస్తాపూరు దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల స్త్రీలు పాత జొన్నవిత్తనములను కాపాడిరి. 2008లో మాచనూరున తమ రేడియోను నెలకొల్పిరి. విత్తనము నిలిచినది. దానిని పులియబెట్టు నేర్పు అవ్వల చేతులలో నున్నది. ఆ చేతులు చల్లబడకముందే పోయి నేర్చుకొనుము. చట్టము ఎన్నడైన కౌటిల్యునంత ఉదారమైనచో, నీ కుండ సిద్ధముగా నుండును. కానిచో, అంబలి యైనను దక్కును.