బియ్యం ఎగుమతులు ఆపితే ఏమవుతుంది? దేశాల మధ్య వ్యాపారం, అడ్డంకులు: తెలుసుకోవాల్సిన విషయాలు

2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులను నిషేధించింది. వార్త తెలియగానే అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్లు బారులు తీరారు. సోనామసూరి బస్తాలు దొరకవేమోనని భయం. కొన్ని దుకాణాలైతే మనిషికి ఒక్క బస్తానే అని షరతు పెట్టాయి. ఢిల్లీలో తీసుకున్న ఒక నిర్ణయం అంత దూరంలోని వంటింటిదాకా ఎలా వెళ్లింది?

అసలు వ్యాపారం ఎందుకు?

ఒక దేశం అన్నీ తానే తయారు చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఈ ప్రశ్నకు 1817లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో జవాబు చెప్పాడు. ఆయన లెక్క ఇదీ: కొంత బట్ట తయారీకి ఇంగ్లండ్‌లో ఏడాదికి 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది కావాలి. కొంత వైన్ తయారీకి ఇంగ్లండ్‌లో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది కావాలి.

రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ రెండు వంతులూ వైనే చేస్తే 160 మంది చాలు, విడిగా రెండూ చేసుకుంటే 170 మంది కావాలి. ఇంగ్లండ్ రెండు వంతులూ బట్టే నేస్తే 200 మంది చాలు, లేకుంటే 220 మంది కావాలి. చెరొకటి చేసి ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరికీ మిగులే. దీన్నే తులనాత్మక ప్రయోజనం అంటారు. అంటే అందరికంటే మేటి కానక్కర్లేదు, తన పనుల్లో తనకు ఏది చౌకో అది చేస్తే చాలు.

గల్ఫ్ దేశాలకు మన బియ్యం వెళ్లడం, అక్కడి చమురు మనకు రావడం ఇలాంటిదే.

అడ్డంకులు ఎన్ని రకాలు?

దిగుమతి సుంకం అందరికీ తెలిసిందే. కోటా అంటే ఇంత పరిమాణమే అని హద్దు పెట్టడం. ఎగుమతులపైనా సుంకం, కనీస ధర, పూర్తి నిషేధం ఉంటాయి. బియ్యం విషయంలో ఇవన్నీ వచ్చాయి. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపేశారు. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు.

ఎవరికి ఏమైంది?

ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో భారత్ వాటా దాదాపు 40 శాతం. అంత సరుకు తగ్గేసరికి 2023 ఆగస్టులో అంతర్జాతీయ బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. థాయిలాండ్, వియత్నాం బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. లాభం ఆ దేశాల ఎగుమతిదారులది, భారం బియ్యం కొనుక్కుని తినే పేద దేశాలది. యూఏఈ కూడా నాలుగు నెలలపాటు బియ్యం ఎగుమతులు ఆపేసింది. తర్వాత ఆ దేశానికి 75,000 టన్నులు పంపడానికి భారత్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది.

ఇక్కడి సంగతి? సామాన్యుడికి ధర తగ్గాలన్నదే ప్రభుత్వ ఉద్దేశం. వర్షాలు సరిగ్గా పడవేమోనన్న ఆందోళన కూడా ఉంది. కానీ నిషేధం ఒక్కటే సరిపోలేదు. 2024 ఫిబ్రవరిలో కిలో 29 రూపాయలకు భారత్ రైస్ పేరుతో ప్రభుత్వమే అమ్మాల్సి వచ్చింది. మరోవైపు ఎగుమతిదారుల పోటీ తగ్గితే రైతుకు మద్దతు ధరకు మించి నాలుగు రూపాయలు వచ్చే దారి మూసుకుపోతుంది. కాకినాడ పోర్టులో పనిచేసే హమాలీలకూ, మిల్లు కార్మికులకూ పని తగ్గుతుంది.

మరి అడ్డంకులే వద్దా?

అలా అని తేల్చలేం. రికార్డో లెక్కలో వైన్ మానేసినవాడు వెంటనే బట్ట నేస్తాడు. నిజ జీవితంలో పని పోయినవాడికి ఇంకో పని అంత తేలిగ్గా దొరకదు. తిండిగింజల్లో పూర్తిగా బయటివాళ్లపై ఆధారపడటమూ ప్రమాదమే. 2007-08లో భారత్, వియత్నాం ఎగుమతులు కట్టడి చేసినప్పుడు థాయ్ బియ్యం టన్ను 1,000 డాలర్లదాకా పోయింది. అప్పుడు దిగుమతి దేశాలు పడ్డ ఇబ్బంది చిన్నది కాదు.

2024 సెప్టెంబర్‌లో తెల్ల బియ్యంపై నిషేధం తీసేసి టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు. అక్టోబర్‌లో దాన్నీ, ఉప్పుడు బియ్యంపై సుంకాన్నీ ఎత్తేశారు. అందుకే అడ్డంకి వార్త వచ్చినప్పుడల్లా చూడాల్సింది మూడు విషయాలు: ధర ఎవరికి తగ్గింది, ఎవరి ఆదాయం పోయింది, అది ఎన్నాళ్లు ఉంటుంది.