గోన గన్నారెడ్డి రూపం: శాసనం నుంచి తెర దాకా

గోన గన్నారెడ్డి ఎలా ఉండేవాడని ఇవాళ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఏ కుర్రవాణ్ణి అడిగినా అల్లు అర్జున్‌లా ఉండేవాడనే చెబుతాడు. 2015 అక్టోబరు 9న గుణశేఖర్ ‘రుద్రమదేవి’ విడుదలైన నాటి నుంచి జనం మనసులో ఆ ముఖమే నిలిచిపోయింది. అంతకుముందు, 1940ల్లో వచ్చిన అడివి బాపిరాజు నవల చదివినవాళ్లు ఎవరికి తోచిన గన్నారెడ్డిని వాళ్లు ఊహించుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే అతనికి అసలు ముఖమే లేదు, రాతి మీద పేరు మాత్రమే ఉంది. నవలల్లోని మనుషులు తెర మీదికి వచ్చేసరికి రూపం ఎలా మారిపోతుందో చూడాలంటే, మన నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ముందు ఆ రాళ్ల సంగతి. గోన వంశం ఏలిన వర్ధమానపురమే నేటి నంది వడ్డెమాన్ అని చరిత్రకారులు చెబుతారు. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని ఆ ఊరికి ఇప్పుడు జనం ఎక్కువగా శనీశ్వరుడి గుడి కోసమే వస్తారు. రంగనాథ రామాయణాన్ని ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. మల్యాల గుండ దండాధీశుడి భార్య. భర్త పేర గుండేశ్వరాలయం కట్టించి, 1276లో బూదపురంలో శాసనం వేయించింది. ఆ బూదపురమే నేటి భూత్పూర్. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. అంటే గన్నారెడ్డి పుట్టింది కత్తితో పాటు కవిత్వమూ తెలిసిన ఇంట్లో. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తెర మీది గన్నారెడ్డిని చూసినవాళ్లకు ఇది ఎక్కడా తట్టదు.

గన్నారెడ్డి పేరు ఘనంగా కనిపించేది కృష్ణకు ఆవల, రాయచూరు కోటలో. అక్కడి గోడలో 40 అడుగులకు మించిన పొడవున్న ఒకే ఒక్క రాతిపలక మీద, 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కోట కట్టించిన ఘనత గన్నారెడ్డి పక్షానిదని అది చెబుతుంది. ఆ రాతిని ఎలా తరలించారో కూడా చెక్కి చూపారు. బండి మీద పలక, దాన్ని లాగుతున్న పశువుల బారు. దున్నపోతుల కష్టం మనకు బొమ్మగా మిగిలింది, కోట కట్టించినవాడి ముఖం మాత్రం మిగల్లేదు. అతని మీసం ఎలా ఉండేదో, తల ఎలా చుట్టుకునేవాడో ఏ శాసనమూ చెప్పదు. ఇంకొక్క మాట. శాసనాల్లో గన్నారెడ్డి దొంగ కాడు, కాకతీయ సామ్రాజ్యానికి కొమ్ముకాసిన సామంతుడు.

గజదొంగ గన్నారెడ్డిని మన చేతికిచ్చింది బాపిరాజు. పైకి దోపిళ్లు చేసే తిరుగుబాటుదారు, లోపల రుద్రమకు అండ. ఆ ఊహలో ఉన్న బలం వల్లే ఆ పేరు పాలమూరు దాటి తెలుగునాడంతా పాకింది. బాపిరాజు చేతికి కలం ఎంత అలవాటో కుంచె కూడా అంతే అలవాటు. 1936లో వచ్చిన ‘అనసూయ’, ‘ధ్రువ విజయం’ చిత్రాలకు కళాదర్శకుడిగా పనిచేశాడు. అంటే తెర మీద బట్ట ఎలా కనబడుతుందో, నగ మీద వెలుగు ఎలా పడుతుందో ఎరిగినవాడు రాసిన నవల ఇది. 1940ల్లో ఆయన హైదరాబాదులో ‘మీజాన్’ పత్రిక నడిపాడు. కోస్తాలో పుట్టిన చిత్రకారుడు తెలంగాణ గడ్డ మీద కూర్చుని వర్ధమానపుర వీరుణ్ణి ఊహించడం నాకెప్పుడూ గొప్ప సంగతిగానే అనిపిస్తుంది. అయితే ఎంత చిత్రకారుడైనా, కాగితం మీద మనిషిని పూర్తిగా గీయలేడు. బట్టల రంగు చెబుతాడు, నగల పేర్లు చెబుతాడు, నడక చెబుతాడు. ముఖాన్ని పాఠకుడికే వదిలేస్తాడు. నవల బలం ఆ వదిలేయడంలోనే ఉంది. సినిమాకు ఆ వెసులుబాటు లేదు. ఎవరో ఒకరి ముఖం పెట్టి తీరాలి.

ఈ మార్పు మన సినిమాకు కొత్త కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’లో సగం హాస్యం వేషం మీదే నడుస్తుంది. మొగల్తూరు కుర్రాడు దొరసానులు పెట్టుకునే టోపీ అని తెలియక నెత్తిన పెట్టుకుని బయలుదేరతాడు. నవలలో కథ చెప్పేది పార్వతీశమే కనుక ఆ టోపీని మొదట ఆయన కళ్లతో చూస్తాం, అందులో ఆయన గర్వం కూడా మనకు అంటుతుంది. 1940లో అది సినిమాగా వచ్చింది, లంక సత్యం పార్వతీశం వేశాడు. తెర మీద ఆ టోపీని ఎవరైనా బయటివాళ్ల కళ్లతోనే చూస్తారు. నవ్వు ముందే వచ్చేస్తుంది, గర్వానికి చోటుండదు. అదే టోపీ, అదే మనిషి. చూసే చోటు మారింది, అంతే.

1953లో ‘దేవదాసు’ వచ్చింది. శరత్ బాబు బెంగాలీ జమీందారు కొడుకు పంచె, లాల్చీ, కండువాలతో అచ్చం మన పల్లెటూరి దొరబిడ్డ అయిపోయాడు. అక్కినేని తర్వాత ఆ నవలను తెలుగులో చదివిన ఏ పాఠకుడూ వేరే దేవదాసును ఊహించుకోలేకపోయాడు. ఆ పాత్రకు ఆ రూపం ఇవ్వడంలో నటుడి ప్రతిభ ఎంత ఉందో, పాఠకుడి చేతిలోంచి జారిపోయిందీ అంతే ఉంది.

ఆ తర్వాత వచ్చిన కాలం పూర్తిగా తారలది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివిన ఆడపిల్లలు రాజశేఖరాన్ని ఎంత ఎత్తు మనిషిగా, ఎంత ఠీవిగా ఊహించుకున్నారో ఆ తరంవాళ్లను అడిగితే తెలుస్తుంది. 1976లో సినిమా వచ్చేనాటికి అక్కినేనికి యాభై దాటాయి, గుండె ఆపరేషన్ అయి వచ్చారు. అయినా రాజశేఖరం ఆయనే, జయంతి వాణిశ్రీయే. 1971 నాటి ‘ప్రేమనగర్’ కూడా నవల నుంచి వచ్చిందే, కోడూరి కౌసల్యాదేవి రాసింది. వాణిశ్రీ చీరకట్టు, కొప్పు తీరు చూసి ఇంటింటా అనుకరించారు. అంటే రూపం తెర మీదే ఆగలేదు. నవలలోంచి తెర మీదికి, తెర మీంచి వీధిలోకి నడిచింది. రచయిత్రి ఊహించిన అమ్మాయి, దర్శకుడు చూపిన అమ్మాయి, చూసి అలా తయారైన అమ్మాయి, ముగ్గురూ ఒకరు కారు. పెద్ద తార అడుగుపెట్టినప్పుడు నవలా పాత్ర తారకు తగ్గట్టు సర్దుకోవాలే తప్ప, తార పాత్రకు తగ్గట్టు సర్దుకోవడం అరుదు. ఇది మన ఒక్కరి బలహీనతే అనుకోనక్కరలేదు. మార్గరెట్ మిచెల్ తన నవలను మొదలుపెట్టడమే స్కార్లెట్ ఒ’హారా అందగత్తె కాదని చెబుతూ మొదలుపెడుతుంది. 1939లో ‘గాన్ విత్ ద విండ్’ తీసినవాళ్లు ఆ పాత్రను వివియన్ లీకి ఇచ్చారు.

దీనికి ఎదురు నడిచిన సినిమా ‘మా భూమి’. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు పూనికతో తయారై 1980లో జనం ముందుకు వచ్చింది. రామయ్యగా వేసిన సాయిచంద్‌ను అంతకుముందు ఎవరూ తెర మీద చూడలేదు. చూసినవాడికి నటుడు కనబడలేదు, రైతుబిడ్డ కనబడ్డాడు. గొంగడి గొంగడిలాగే ఉంది, మట్టి మట్టిలాగే ఉంది. తెలంగాణ పల్లె మనిషికి తెర మీద అతని రూపాన్ని అతనికే తిరిగి ఇచ్చిన సినిమా అది. ఇప్పటికీ దాన్ని మించినది రాలేదని నా నమ్మకం. 2021లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ను క్రిష్ తీసినప్పుడు కూడా గొర్రెల కాపరి గొంగడి, కర్ర తెరకెక్కాయి. కానీ నవలలో లేని ఓబులమ్మ కూడా వచ్చి చేరింది. నల్లమల కథకు ప్రేమకథ ముఖం కూడా కావాలనుకున్నారన్నమాట.

ఈ దారినంతా నడిచి వచ్చి మళ్లీ ‘రుద్రమదేవి’ ముందు నిలబడితే, అక్కడ జరిగింది మరింత స్పష్టంగా కనబడుతుంది. ఆ సినిమా బాపిరాజు నవలను పేజీ వెంట పేజీ తీసింది కాదు. రుద్రమ కథలో గన్నారెడ్డి ఒక పాత్ర. కానీ తిరుగుబాటుదారు వేషంలో రుద్రమకు అండగా నిలిచే గన్నారెడ్డిని తెలుగువాళ్ల మనసులో నాటింది ఆ నవలే. నీతా లుల్లా దుస్తులు, తోట తరణి కళ, త్రీడీ హంగులు. గన్నారెడ్డికి గడ్డం, పొడవాటి జుట్టు, ముదురు రంగు పోరాట దుస్తులు. తెర మీదికి వచ్చిన ప్రతిసారీ హాలు ఊగిపోయింది. ఆ పాత్రకు అల్లు అర్జున్ ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం అందుకున్నాడు. అర్హమైన పురస్కారమే. పాత్రలో ఉత్సాహం ఉంది, పొగరు ఉంది, ప్రాణం ఉంది. లేనిది పదమూడో శతాబ్దం.

కాకతీయుల కాలపు మనుషులు ఎలా ఉండేవారో చూడటానికి మనకు సాక్ష్యం లేక కాదు. 1213 నాటి రామప్ప గుడి మదనికల జుట్టుముళ్లు, దండకడియాలు, మొలనూళ్లు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలు ఉన్నాయి, వెళ్లినవాళ్లందరూ వేలు పెట్టి చూపించుకునే శిల్పం అది. జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ ఆ కాలపు నాట్యాన్ని గ్రంథస్థం చేసింది. ఇక మాటల్లో కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఉంది. ఆయన ఈ నేల బిడ్డే. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వాస్తవ్యుడు, గోలకొండ పత్రిక స్థాపకుడు, 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి గెలిచిన శాసనసభ్యుడు. 1949లో వచ్చిన ఆ పుస్తకంలో రాజుల వంశావళులను పక్కన పెట్టి, సామాన్యుడు ఏం కట్టాడు, ఏం తిన్నాడు, ఏ ఆట ఆడాడు అని కావ్యాలన్నీ జల్లెడ పట్టాడు. 1955లో తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే. కాకతీయుల సినిమా తీసే ఎవరి బల్ల మీదైనా అన్నిటికన్నా ముందు ఉండాల్సిన పుస్తకం అది. రామప్ప శిల్పాల్లోని వస్త్రధారణను ఉన్నదున్నట్టు నేటి తెర మీద పెట్టమని ఎవరూ అనరు. నగలు, తలకట్టు, చెప్పులు, ఆయుధం పట్టే తీరు తీసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

రూపం అంటే కట్టూ బొట్టూ మాత్రమే కాదు, గొంతు కూడా. ‘రుద్రమదేవి’లో గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడాడు. రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటిన రోజులు. దశాబ్దాల పాటు హాస్యగాడికీ రౌడీకీ మాత్రమే దక్కిన యాస ఒక వీరుడి నోట పలికేసరికి పాలమూరు జనం పొంగిపోయారు. పొంగిపోవడం న్యాయమే. కానీ అదే సినిమాలో ఓరుగల్లు కోటలో రుద్రమ, గణపతిదేవుడు, శివదేవయ్య మాట్లాడింది పుస్తక భాష. ఓరుగల్లు తెలంగాణ కాదా? దోపిళ్లు చేసేవాడికి యాస, సింహాసనం మీద కూర్చున్నవాళ్లకు గ్రాంథికపు ఛాయ. ఈ విభజన పదమూడో శతాబ్దానిది కాదు, మన సినిమాది. అందరికీ యాస పెట్టినా ఒప్పుకునేవాణ్ణి, అందరికీ ప్రౌఢభాష పెట్టినా ఒప్పుకునేవాణ్ణి. ఒక్కడికి మాత్రమే పెట్టడం వల్ల, గౌరవం ఇచ్చినట్టే ఇచ్చి పాత మెట్టు మీదే నిలబెట్టినట్టయింది. కవుల ఇంట పుట్టి, కోట కట్టించినవాడని శాసనం చెప్పే మనిషి ఆ సభలో ఒక్కడే పల్లెటూరివాడిలా మిగిలాడు.

వయసు సంగతి కూడా ఉంది. రుద్రమ రాజ్యానికి వచ్చింది 1260ల తొలినాళ్లలో. ఆమె మరణాన్ని తెలిపే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. గన్నారెడ్డి పేరు ఘనంగా వినిపించే రాయచూరు శాసనం దాని తర్వాతి అయిదేళ్లకు, ప్రతాపరుద్రుడి కాలంలో పడింది. యౌవనంలో ఉన్న రుద్రమ పక్కన పేరుమోసిన గన్నారెడ్డిని నిలబెట్టడం మొదట నవల చేసిన సాహసం. సినిమా దాన్నే కొనసాగించింది. కల్పనకు ఆ హక్కు ఉంది. రుద్రమను ముసలితనంలోనూ గుర్రం మీద చూపించే సాహసం ఏ నిర్మాత అయినా చేస్తే, ఆ సినిమాకు మొదటి టికెట్టు నేనే కొంటాను.

గన్నారెడ్డి మీద మళ్లీ సినిమా వస్తుంది. పేరులో ఆ బలం ఉంది, ఇప్పుడు వెబ్ సిరీస్‌ల కాలం కూడా. తీసేవాళ్లకు ఒక్క మనవి. ముఖం మీ ఇష్టం, అది ఎవరూ ఎరగనిది. మిగతా రూపానికి మాత్రం ముంబై డిజైనర్ దగ్గరికి వెళ్లేముందు నంది వడ్డెమాన్ రండి, భూత్పూర్‌లో కుప్పాంబిక శాసనం చదివించుకోండి, కృష్ణ దాటి అలంపురం గుళ్లలో ఒక పూట తిరగండి, గద్వాల మీదుగా వెళ్లి రాయచూరు కోటలో ఆ రాతిపలక ముందు నిలబడండి. రెండు రోజుల పని ఇది. గద్వాల నుంచి రాయచూరుకు ఇప్పుడు రైలు కూడా ఉంది.