ఫొటో బొంత
బట్టపై ముద్రించిన ఛాయాచిత్రానికి చేత్తో రంగులద్ది, కింద దూది పొర, అడుగు గుడ్డ చేర్చి కుట్టే కళాఖండం. కప్పుకోవడానికి కాదు, గోడకు తగిలించడానికి. బొంతను చిత్రపటంలా చూసే అలవాటుకు 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జరిగిన బొంతల ప్రదర్శన గట్టి ఊతమిచ్చింది. గుడ్డమీద ఫొటో అంతకన్నా పాత సంగతి. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సయనోటైప్ నూలుబట్టపైనా పనిచేస్తుంది: ఇనుప లవణాలు పూసి, నెగటివ్ పరిచి, ఎండ తగలనిచ్చి నీళ్లలో జాడిస్తే నీలి బొమ్మ తేలుతుంది. సబ్బుల్లోని క్షారం తగిలితే మాత్రం వెలిసిపోతుంది. ఇప్పుడు ఇంక్‌జెట్ ప్రింటర్లూ వాడుతున్నారు. ప్రింటర్‌లో ముడతపడకుండా బట్ట వెనక కాగితం అంటిస్తారు. బొమ్మ లేతగా ఉంటేనే మేలు, ముదురు నీడలపై రంగు కనిపించదు. పలచని రంగు గీత దాటి పాకుతుంది కనుక చిక్కగా, కొద్దికొద్దిగా అద్దుతారు. అసలు నేర్పు కుట్టులోనే: చెంపలపై కుట్లు పడితే ముఖం ముడతలు పడ్డట్టుంటుంది, అందుకే జుట్టు పాయల వెంట, బట్టల మడతల వెంట సూది నడుపుతారు.