ఆటిజం పిల్లలకు పాలు, గోధుమలు మాన్పిస్తే మాటలొస్తాయా? డైట్, డీటాక్స్, స్టెమ్‌సెల్ చికిత్సల్లో నిజమెంత?

పాలు, గోధుమలు మాన్పిస్తే మూడు నెలల్లో మాటలొస్తాయని ఒక వీడియో. ఒంట్లో పేరుకుపోయిన పాదరసం, సీసం బయటకు లాగేస్తే బిడ్డ మామూలైపోతాడని ఇంకో వీడియో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి బెంగళూరుకో, వేలూరుకో, తిరుపతికో వెళ్లి బిడ్డకు ‘ఆటిజం’ అని విని తిరిగొచ్చిన తల్లిదండ్రులు ముందుగా చేసే పని ఫోన్‌లో వెతకడం. అక్కడ వాళ్లకు ఎదురయ్యేవి ఎక్కువగా ఇలాంటి మాటలే. ఇంట్లో అవ్వాతాతలేమో ‘వాళ్ల నాయన కూడా లేటుగానే మాట్లాడినాడు, ఏం కాదులే’ అంటుంటారు. ఈ రెండింటి మధ్య విలువైన నెలలు గడిచిపోతాయి.

అసలు ఈ డైట్లు, ‘బయోమెడికల్’ చికిత్సలు అంటే ఏంటి? పరిశోధనల్లో ఏం తేలింది? ఏది ప్రమాదం? డబ్బు, సమయం దేనికి పెట్టాలి? పూర్తి వివరాలు ఇవి.

ఆటిజం అంటే ఏంటి?

ఆటిజం అంటువ్యాధి కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. మెదడు ఎదుగుదలలో ఉండే తేడా ఇది. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, మాటలు రాకపోవడం లేదా వచ్చిన మాటలు పోవడం, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం వంటివి ముఖ్యమైన లక్షణాలు. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో జన్యువుల పాత్ర ఎక్కువ. దీన్ని పూర్తిగా ‘నయం’ చేసే మందు ఇప్పటివరకు లేదు. కానీ శిక్షణతో మాట, ఆట, సొంత పనులు చేసుకోవడం మెరుగుపడతాయి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

పాలు, గోధుమల మీద అనుమానం ఎందుకొచ్చింది?

గోధుమ, బార్లీల్లో ఉండే ప్రొటీన్ గ్లూటెన్. పాలల్లో ఉండే ముఖ్యమైన ప్రొటీన్ కేసిన్. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇవి సరిగా అరగవని, అరగని ముక్కలు పేగుల్లోంచి రక్తంలోకి చేరి మెదడు మీద నల్లమందులా పనిచేస్తాయని ఒక సిద్ధాంతం ఉంది. దీనికి మూలమైన ఆలోచన 1979 నాటిది. గ్లూటెన్, కేసిన్ లేని డైట్ అలా పుట్టింది.

వినడానికి బాగానే ఉంది. కానీ పరీక్షకు నిలబడలేదు. 2008లో బ్రిటన్ పరిశోధకులు ఆటిజం ఉన్న 65 మంది బాలుర మూత్రాన్ని పరీక్షించారు. సిద్ధాంతం చెప్పిన ఆ ముక్కలు అందులో కనిపించలేదు. అదే ఏడాది ఈ డైట్ మీద ఉన్న అధ్యయనాలన్నింటినీ కోక్రేన్ సంస్థ సమీక్షించింది. లెక్కలోకి తీసుకోదగ్గవి రెండే రెండు చిన్న ప్రయోగాలు దొరికాయి. ఆధారాలు చాలా బలహీనంగా ఉన్నాయని తేల్చింది.

అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో దారిలో వెళ్లారు. ఆటిజం ఉన్న 14 మంది పిల్లలకు కొన్ని వారాలు పూర్తిగా ఈ డైటే పెట్టారు. ఆ తర్వాత వారానికోసారి ఒక చిరుతిండి ఇచ్చారు. ఒక వారం అందులో గోధుమ, ఒక వారం పాలు, ఒక వారం రెండూ, ఒక వారం ఏదీ లేదు. ఎప్పుడు ఏది తిన్నారో తల్లిదండ్రులకు తెలియదు, గమనించేవాళ్లకూ తెలియదు. పిల్లల ప్రవర్తనలో, నిద్రలో, విరేచనాల్లో ఏ తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అది చిన్న అధ్యయనమే. గోధుమ అసలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టి చేశారు.

మన కంచంలో గ్లూటెన్ ఎంత?

ఇక్కడ మన ప్రాంతం వాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ డైట్ పుట్టింది పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు తినే దేశాల్లో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఇంటి తిండి రాగి సంగటి, అన్నం, దోసె, ఇడ్లీ, పప్పు, అనపగింజల కూర, చెనిక్కాయల ఊరిబిండి. రాగి, బియ్యం, సద్ద, జొన్న, పప్పులు, చెనిక్కాయలు... వీటిలో దేంట్లోనూ సహజంగా గ్లూటెన్ ఉండదు. అది వచ్చేది చపాతీ, పరోటా, గోధుమరవ్వ, బొంబాయిరవ్వ ఉప్మా, సేమ్యా, బన్ను, బిస్కెట్, బార్లీ కలిసిన మాల్ట్ పొడులతో. బజారులో దొరికే కూట ఇంగువలో కూడా చాలావరకు గోధుమపిండి కలుస్తుంది.

బిస్కెట్, మైదా తగ్గిస్తే ఏ బిడ్డకైనా మంచిదే. దానికి వందల రూపాయలు పెట్టి ‘గ్లూటెన్ ఫ్రీ’ ముద్ర ఉన్న పిండి ప్యాకెట్లు తెప్పించక్కర్లేదు. కానీ దాన్ని ఆటిజం చికిత్స అనుకోకూడదు.

పాలు మాన్పించడం మాత్రం అంత తేలిక విషయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం 4 నుంచి 6 ఏళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 200 మిల్లీలీటర్ల పాలు, అంటే ఒక గ్లాసు, ఇందులో దాదాపు సగం దాకా ఇస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది నిజమే. కానీ మూడేళ్ల బిడ్డ ఒక పూట తినేది 30, 40 గ్రాముల పిండి సంగటే. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది తిండి విషయంలో పట్టుదలగా ఉంటారు. నాలుగైదు రకాలు తప్ప ముట్టరు. తినేదే పెరుగన్నం అయినప్పుడు ఆ పెరుగు కూడా తీసేస్తే ఇక మిగిలేదేంటి? 2008లో అమెరికాలో 75 మంది బాలుర చేతి ఎముకలను ఎక్స్‌రేల్లో కొలిచారు. ఆటిజం ఉన్నవాళ్లలో ఎముక పొర పలుచగా ఉంది. పాలు మాన్పించిన పిల్లల్లో ఇంకా పలుచగా ఉంది.

పుంగనూరు ఆవు పాలైతే ఫర్వాలేదా?

పుంగనూరు పొట్టి ఆవు పాలకు వెన్న శాతంలో మంచి పేరుంది. నాటు ఆవుల్లో ఎక్కువగా ఉండేది ‘ఏ2’ రకం కేసిన్ కాబట్టి ఆటిజం పిల్లలకు అవే వాడాలని ప్రచారం నడుస్తోంది. ‘ఏ1’ పాలు అరిగేటప్పుడు పుట్టే ముక్కకు, ఆటిజం లాంటి సమస్యలకు సంబంధం ఉన్నట్లు తేలలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లోనే చెప్పింది. ఆవు ఏదైనా, గేదె అయినా, ఒంటె అయినా పాలల్లో కేసిన్ ఉండే తీరుతుంది. పుంగనూరు ఆవు పాలు మంచి ఆహారం. ఆటిజానికి మందు మాత్రం కాదు.

మరి కొందరిలో మార్పు కనిపిస్తోంది కదా?

కనిపిస్తుంది. తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ మార్పు దేనివల్ల వచ్చిందన్నదే అసలు ప్రశ్న. డైట్ మొదలుపెట్టిన నెలలోనే స్పీచ్ థెరపీ కూడా మొదలై ఉంటుంది. బిడ్డ వయసు పెరుగుతుంటుంది. ఇంట్లో అందరూ బిడ్డతో ఎక్కువసేపు గడుపుతుంటారు.

1990ల చివర్లో సెక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్‌తో పిల్లలకు మాటలొస్తున్నాయని అమెరికాలో పెద్ద ప్రచారం జరిగింది. 1999లో 60 మంది పిల్లలను రెండు వర్గాలు చేసి, ఒకరికి సెక్రెటిన్, ఇంకొకరికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా మెరుగుదల కనిపించింది. అంటే మందు ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఫలితం చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు సెక్రెటిన్ మీద ఆసక్తి చూపించారు. ఆశ అంత బలమైనది. దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టే జాగ్రత్త పడాలి.

ఇలా పోల్చి చూసే పద్ధతి మన ప్రాంతానికి కొత్తేం కాదు. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ శానటోరియం డాక్టర్లు 1950ల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకాను ఇలాగే పరీక్షించారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ల తరబడి రెండు వర్గాలనూ గమనించి 1964లో ఫలితాలు ప్రకటించారు. ఆటిజానికి ఎవరే చికిత్స చెప్పినా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ‘ఇది తీసుకోని పిల్లలతో పోల్చి చూశారా?’

వీటి జోలికి అసలు వెళ్లొద్దు

డైట్‌తో పోయేది డబ్బు, పోషణ. కింది చికిత్సలతో ప్రాణానికే ముప్పు రావచ్చు.

• కీలేషన్: ఒంట్లోని లోహాలను మందులతో బయటకు లాగడం. నిజంగా సీసం విషప్రభావం ఉన్నట్లు రక్తపరీక్షలో తేలితే ఆసుపత్రిలో చేసే చికిత్స ఇది. ఆటిజానికి పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న 5 ఏళ్ల బాలుడు కీలేషన్ ఇంజెక్షన్ వల్ల రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. ముందు మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రంలో లోహాలు చూపించే పరీక్షలను కూడా నమ్మొద్దు. ఆ మందు ఇస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి.

• హైపర్‌బారిక్ ఆక్సిజన్: గదిలాంటి యంత్రంలో ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇవ్వడం. ఆటిజానికి ఇది పనిచేస్తుందని రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. 2025 జనవరిలో మిచిగాన్‌లో ఇలాంటి చాంబర్‌లో మంటలు చెలరేగి 5 ఏళ్ల బాలుడు మరణించాడు.

• క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణం: ‘మిరాకిల్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఇది బట్టలకు వాడే బ్లీచ్ లాంటిది. తాగించకూడదు, ఎనిమా ఇవ్వకూడదు.

• స్టెమ్‌సెల్ చికిత్స: దీనికి లక్షల్లో వసూలు చేస్తారు. ఆటిజానికి దీన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. దేశంలో 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులు తప్ప మిగతావాటికి అనుమతి ఉన్న ప్రయోగాల్లోనే స్టెమ్‌సెల్స్ వాడాలి. ప్రయోగం అయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

టీకాల విషయం కూడా చెప్పుకోవాలి. ఎంఎంఆర్ టీకాతో ఆటిజం వస్తుందన్న 1998 నాటి పత్రం కేవలం 12 మంది పిల్లల మీద రాసింది. దాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6.5 లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలిస్తే సంబంధమే లేదని తేలింది. టీకాలు ఆపొద్దు.

విటమిన్లు, ఫోలినిక్ యాసిడ్ సంగతేంటి?

ఐరన్, విటమిన్ డి, బీ12 లోపం ఉంటే పరీక్ష చేయించి సరిచేయాలి. అది ఏ బిడ్డకైనా అవసరమే. లోపం లేకుండా మోతాదుకు మించి వాడితే మాటలు రావు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ల్యూకోవోరిన్, అంటే ఫోలినిక్ యాసిడ్ గురించి ప్రకటించాక దాని పేరు ఇక్కడా వినిపిస్తోంది. మెదడుకు ఫోలేట్ అందని ఒక అరుదైన సమస్య ఉన్న పిల్లలకు అది ఉపయోగపడుతుంది. ఆటిజం ఉన్న పిల్లలందరికీ పనిచేస్తుందని చెప్పేంత పెద్ద ప్రయోగాలు లేవు. మందుల షాపులో అడిగి సొంతంగా వాడకండి.

కడుపు సమస్యను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు

ఈ పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి ఎక్కువ. మాటలు రాని బిడ్డ నొప్పిని చెప్పలేక తల కొట్టుకోవచ్చు, రాత్రిళ్లు ఏడవచ్చు. దాన్ని ‘ఆటిజం వల్లే’ అని వదిలేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. మలబద్ధకం తగ్గితే చిరాకు తగ్గొచ్చు, నిద్ర బాగుపడొచ్చు. అది కడుపుకు చేసిన వైద్యం, ఆటిజానికి కాదు.

విరేచనాలు, బరువు పెరగకపోవడం ఉంటే గోధుమ ఆపకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించండి. ఆపేశాక చేయిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. డాక్టరు సలహాతో ఏదైనా ఆహారం మాన్పించి చూడాలనుకుంటే ఒకసారికి ఒక్కటే మార్చండి. గడువు పెట్టుకోండి. ఆ రోజుల్లో కొత్త థెరపీ మొదలుపెట్టకండి. తేడా లేకపోతే మళ్లీ పెట్టండి.

మరి ఏం చేయాలి? ఎక్కడికెళ్లాలి?

పనిచేస్తున్నట్లు ఆధారాలున్నవి మాట, ఆట, ప్రవర్తన మీద శిక్షణలు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీతో పాటు తల్లిదండ్రులే ఇంట్లో నేర్పే పద్ధతి ముఖ్యం. పట్నంలో స్పెషలిస్టు ఉంటేనే కుదురుతుందనుకోవద్దు. గోవాలో, పాకిస్థాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, స్పెషలిస్టులు కాని కార్యకర్తలు శిక్షణ పొంది తల్లిదండ్రులకు నేర్పించారు. పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలను పలకరించడం పెరిగింది. 2016లో ఈ ఫలితాలు వచ్చాయి.

• 18 నెలలు, 24 నెలల వయసులో బిడ్డ ఎదుగుదలను పరీక్ష చేయించండి. అంగన్‌వాడీలు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలకు చూపించండి. వాళ్లు జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపుతారు.

• కుప్పం వాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, ఈ ప్రాంతం మొత్తానికి తిరుపతి రుయా, వేలూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ అందుబాటులో ఉన్నాయి. బడి వయసు పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి.

• 2016 చట్టం ప్రకారం ఆటిజం వైకల్యాల జాబితాలో ఉంది. సర్టిఫికెట్ కోసం వాడే ‘ఐఎస్ఏఏ’ పరీక్షను తయారుచేసింది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే ఏపీలో నెలకు రూ.6,000 పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమాలో ఏడాదికి రూ.లక్ష వరకు వైద్య ఖర్చులు, థెరపీతో సహా, తిరిగి పొందొచ్చు.

ఎవరైనా కొత్త చికిత్స చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. తీసుకోని పిల్లలతో పోల్చి చూశారా? దుష్ప్రభావాలేంటి? ఎన్నాళ్లు చూసి, తేడా లేకపోతే ఆపుతారు? చెప్పేవాళ్లే అమ్ముతున్నారా? సూటిగా జవాబు రాకపోతే వచ్చేయండి. ఆ డబ్బు థెరపీకి పనికొస్తుంది. ఆ సమయం బిడ్డతో కింద కూర్చుని ఆడుకోవడానికి పనికొస్తుంది. బిడ్డ ఇష్టంగా తినే సంగటి, పెరుగన్నం తిననివ్వండి. ఆ ముద్ద పెట్టేటప్పుడే ‘ఇంకా కావాలా?’ అని అడిగి, వాడు చూసేదాకా, చేయి చాపేదాకా ఆగండి. మాట నేర్పడం అక్కడి నుంచే మొదలవుతుంది.