లుకేమియా చికిత్స - నోటి శిలీంధ్ర వ్యాధి: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) కృషిని విజయగాథగా చెప్పుకోవడం తెలుగులో పరిపాటి. ఆ ఔషధ చరిత్రను రోగి నోటి వైపు నుంచి చూస్తే మరో పార్శ్వం కనిపిస్తుంది. రక్త క్యాన్సర్‌ను అణచిన మందే నోటిలో శిలీంధ్రానికి దారి తెరిచింది. ఈ రెండింటి సంబంధాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

శిలీంధ్రం గుర్తింపు

1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక టైఫస్ రోగి నోటిలోని తెల్లని పొరలో శిలీంధ్రాన్ని గుర్తించి, అదే జ్వరానికి కారణమని భావించాడు. వాస్తవానికి జ్వరంతో క్షీణించిన శరీరమే శిలీంధ్రానికి ఆశ్రయమిచ్చింది. 1923లో బెర్కౌట్ ఈ ప్రజాతికి కాండిడా అని పేరుపెట్టింది. ఆరోగ్యవంతులెందరి నోళ్లలోనో ఇది హాని చేయకుండానే జీవిస్తుంది. దేహరక్షణ సడలినప్పుడే వ్యాధిగా మారుతుంది.

చికిత్స తెచ్చిన చిక్కు

సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలు రూపొందించిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం లభించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే ఈ మందు, వేగంగా విభజన చెందే ఇతర కణాలనూ దెబ్బతీస్తుంది. నోటి లోపలి పొర పుండ్లుపడుతుంది. ఎముక మజ్జ కుంటుపడి, శిలీంధ్రాన్ని నిలువరించే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. అదే ఏడాది లెడర్లీ నుంచే వెలువడిన ఆరియోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు నోటిలోని బాక్టీరియాను అణచి, కాండిడాకు పోటీ లేకుండా చేశాయి.

నివారణ యత్నాలు

న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ వేర్వేరు నగరాల్లో ఉంటూ నమూనాలను తపాలాలో పంపుకొన్నారు. వర్జీనియాలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి రాబట్టిన మందును 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరు మీదుగా అది నిస్టాటిన్ అయింది. పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు కనుక, నోటిలో పుక్కిలించడానికే అది అనువైనది. రక్తంలో వ్యాపించిన శిలీంధ్రానికి ఆంఫోటెరిసిన్-బి అవసరమైంది. 1990లో అమెరికాలో ఆమోదం పొందిన ఫ్లూకోనజోల్ చికిత్సను సులభతరం చేసింది. కాని దానికి సహజంగానే లొంగని కాండిడా క్రూసై కొందరు రోగుల్లో తలెత్తింది.

ముగింపు

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారావు స్మృత్యర్థం సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. అది నోటి వ్యాధికి కారకం కాదు. ఆయన వారసత్వాన్ని అంచనా వేసేటప్పుడు ఆ గౌరవంతోపాటు, ఆ చికిత్స రోగి నోటిలో మిగిల్చిన బాధనూ లెక్కలోకి తీసుకోవాలి. అన్నం మింగలేని రోగి చికిత్సను తట్టుకోవడం కష్టం. అందువల్ల నోటి సంరక్షణను లుకేమియా చికిత్సా చరిత్రలో అంతర్భాగంగా చదవడం సమంజసం.